పాత కారు ఇమ్మొబిలైజర్ కోడ్ మర్చిపోతే ఏం చెయ్యాలి

ముందు ఆ తాళం తిప్పడం ఆపండి. సెల్ఫ్ గిర్రున తిరుగుతుంది, ఇంజిన్ మాత్రం పట్టుకోదు, మీటర్ బోర్డులో తాళంచెవి బొమ్మ లైటు టకటకా కొట్టుకుంటూ ఉంటుంది, మనమేమో ఇంకోసారి, ఇంకొక్కసారి అంటూ తిప్పుతూనే ఉంటాం. ఇరవైసార్లు తిప్పితే ఇరవై ఒకటోసారి జాలిపడే రకం కాదు ఇమ్మొబిలైజర్, అంటే అసలు తాళంచెవిని గుర్తుపడితే గానీ ఇంజిన్‌ని నడవనివ్వని కాపలా. బ్యాటరీ దిగిపోవడం తప్ప ఒరిగేదేమీ లేదు, పైగా బ్యాటరీ దిగాక అసలు గొడవ ఏదో, మనం తెచ్చిపెట్టుకున్న గొడవ ఏదో తేల్చుకోవడం ఇంకా కష్టం.

ఇదంతా నేను చేసి చూసిన తర్వాతే చెప్తున్నా. మాది తిరుపతి కొర్లగుంట. బండి 2006 మోడల్ యాక్సెంట్, పెట్రోలు. చెన్నైలో కొని, ఎన్‌ఓసీ తెచ్చి, ఇక్కడ నంబరు మార్పించుకున్నాను. మన వైపు సెకండ్ హ్యాండ్ బండ్లు చాలావరకు అలా చెన్నై నుంచో బెంగళూరు నుంచో దిగినవే కదా. ఆ రోజు చిత్తూరు గ్రీమ్స్‌పేటలో మా మేనమామ కూతురి పెళ్లి, పొద్దున్నే ముహూర్తం, 70 కిలోమీటర్ల దారి. ఐదింటికి అందరం పట్టుచీరలు, పంచెలతో రెడీ అయి బండెక్కితే ఇది స్టార్ట్ కాలేదు. వీధిలో పాలు పోసేటాయన, ఎదురింటి మామ, వాకింగ్‌కి బయల్దేరిన ఇద్దరు, అందరూ చెయ్యేసి "సెకండ్ గేర్ వెయ్యబ్బా, తోస్తాం" అని చింతచెట్టు దాకా తోశారు. ఇమ్మొబిలైజర్ ఆపిన బండిని వేంకటేశ్వర వర్సిటీ దాకా తోసినా స్టార్ట్ కాదని ఆ పూట మాలో ఒక్కరికీ తెలీదు.

ఎందుకు కాదో రెండు ముక్కల్లో చెప్తాను, ఇది అర్థమైతే మిగతా పనంతా సులువు. తాళంచెవి ప్లాస్టిక్ తలలో ఒక చిన్న చిప్ ఉంటుంది. కొన్నింట్లో వడ్లగింజ కంటే కాస్త పెద్ద గాజుగొట్టం లాగా, కొన్నింట్లో నల్లటి చిన్న ముక్కలాగా. దానికి బ్యాటరీ ఉండదు. తాళం పెట్టే రంధ్రం చుట్టూ ఒక తీగచుట్ట ఉంటుంది, మనం ఆన్ చెయ్యగానే ఆ చుట్టే చిప్‌కి కరెంటు అందిస్తుంది, చిప్ తన నంబరు చెప్తుంది, ఇంజిన్ కంప్యూటర్ ఆ నంబరు తన దగ్గరున్నదో కాదో చూసుకుంటుంది. సరిపోలకపోతే పెట్రోలో, స్పార్కో, రెండూనో ఆపేస్తుంది. కొన్ని బండ్లలో సెల్ఫ్ కూడా తిరగదు, కొన్నింట్లో ఇంజిన్ ఒక్క క్షణం పట్టుకుని టక్కున ఆగిపోతుంది. అందుకే రిమోట్‌లో కొత్త సెల్ వేసినా లాభం ఉండదు, రిమోట్ తలుపులకి, చిప్ ఇంజిన్‌కి. తాళం ఇనుప పళ్లు లాక్‌ని తిప్పుతాయి, స్టీరింగ్ వదులుతాయి, అంతవరకే వాటి పని.

మరి ఈ కోడ్ ఎక్కడి నుంచి వచ్చింది? చిప్ పాడైనా, పోయినా బండి మధ్యదారిలో ఆగిపోకూడదని కొన్ని కంపెనీలు ఒక దొంగదారి లాంటి రాజమార్గం పెట్టాయి. చిప్ పలక్కపోయినా మనమే చేత్తోనో, కాలితోనో ఒక నంబరు కొట్టి ఇంజిన్ స్టార్ట్ చేసుకోవచ్చు. మనం మర్చిపోయేది ఆ నంబరునే.

ఇక్కడే జనం పొరబడేది. పాత కారు డ్యాష్‌బోర్డు అరలో నాలుగైదు రకాల నంబర్లు దొరుకుతాయి, ప్రతిదీ ఇమ్మొబిలైజర్ కోడే అనుకుని కొట్టేస్తుంటారు. తాళంతో పాటు వచ్చే రేకు బిళ్ల మీద ఉన్నది మామూలుగా తాళం పళ్లు కోసే నంబరు, దాంతో ఇనుప తాళం తయారవుతుంది గానీ ఇంజిన్ స్టార్ట్ కాదు. కొత్త తాళాన్ని కంప్యూటర్‌కి పరిచయం చేసేటప్పుడు షోరూమ్ వాళ్లు స్కానర్‌లో, అంటే బండి కంప్యూటర్‌కి తగిలించే మెషిన్‌లో, కొట్టే పిన్ వేరే, అది మనకి ఇవ్వరు. స్టీరియో కోడ్ ఇంకోటి. మా ఫ్రెండ్ ఒకడు బ్యాటరీ మార్చాక స్టీరియో మీద 'సేఫ్' అని వస్తే, ఇమ్మొబిలైజర్ లాక్ అయిందని నాకు ఫోన్ చేసి ఒకటే టెన్షన్. "బండి స్టార్ట్ అవుతోందా?" అంటే "అవుతోంది" అన్నాడు. మరింకేంరా నాయనా. పాత స్కోడా స్టీరియోల్లో అది మామూలే, రెండుసార్లు తప్పు కొడితే స్టీరియోని ఆన్‌లోనే గంట వదిలేసి మళ్లీ కొట్టాలి, ఇంజిన్‌కి దానికి సంబంధం లేదు.

కాబట్టి కోడ్ వెతుక్కునే ముందు అసలు ఇది కోడ్ గొడవేనా అని చూసుకోండి. తాళం ఆన్‌లో పెట్టి మీటర్ బోర్డు చూడండి. తాళంచెవి బొమ్మో, కారు మీద తాళం బొమ్మో, ఫియట్ అయితే 'కోడ్' అన్న లైటో వెలిగి రెండు క్షణాల్లో ఆరిపోతే ఇమ్మొబిలైజర్ ఒప్పుకున్నట్టే, మీ గొడవ పెట్రోలు పంపులోనో, ప్లగ్గుల్లోనో, ఇంకెక్కడో ఉంది. ఆరకుండా కొట్టుకుంటూ ఉంటే ఇమ్మొబిలైజరే. బండిని బట్టి లైటు తీరు కొంచెం మారుతుంది, మీ మాన్యువల్‌లో ఒకసారి చూడండి. సెల్ఫ్ నీరసంగా గుర్రుమంటున్నా, లైట్లు మసకబారుతున్నా ముందు బ్యాటరీ సంగతి చూడండి, వోల్టేజి బాగా పడిపోతే కంప్యూటర్ చిప్‌ని సరిగ్గా చదవలేదు. పక్కవాళ్ల బండితో జంప్ కేబుల్ తగిలించి చూస్తే కొన్నిసార్లు అక్కడితోనే కథ అయిపోతుంది.

తర్వాత తాళంగుత్తి. మన గుత్తులు మామూలువా! ఇంటి తాళం, షాపు తాళం, స్కూటర్ తాళం, ఇత్తడి గోవిందనామం బిళ్ల, ఏ బీరువాదో ఎవరికీ తెలియని ఇంకో తాళం. కారు తాళాన్ని ఒంటరిగా విడదీసి తిప్పి చూడండి. ముఖ్యంగా ఇంకో కారు చిప్ తాళం అదే గుత్తిలో ఉంటే రెండు చిప్‌లూ ఒకేసారి మాట్లాడి కంప్యూటర్‌కి ఏదీ అర్థం కాకుండా పోతుంది. రెండో తాళం ఉంటే దాంతో తిప్పండి. రెండోదాంతో స్టార్ట్ అయితే మీకు కోడ్‌తో పనే లేదు, మొదటి తాళం చిప్ పోయిందన్నమాట.

ఇంకో ప్రశ్న, ఇది మీకు మీరే వేసుకోండి: ఈమధ్య తాళం ఎవరి చేతిలోనైనా పెట్టారా? నాకు ఈ ప్రశ్న పొద్దున ఐదింటికి తట్టలేదు, రాత్రి తొమ్మిదింటికి తట్టింది. ఆ సంగతి తర్వాత.

కంపెనీ పెట్టింది కాకుండా మెకానిక్ బిగించిన అలారమో, కట్ ఆఫ్ స్విచ్చో ఉందేమో కూడా చూడండి. పాత మారుతి 800 వాళ్లు, అంబాసిడర్ వాళ్లు దొంగల భయానికి సీటు కిందో, డ్యాష్‌బోర్డు వెనకో ఇంజిన్‌ని ఆపే చిన్న స్విచ్ పెట్టించుకునేవాళ్లు. పెట్టించుకున్నాయన బండి అమ్మేటప్పుడు చెప్పడం మర్చిపోతాడు, కొన్నాయన మోకాలు తగిలి అది ఆఫ్ అవుతుంది, ఇద్దరు మెకానిక్‌లు వచ్చి కార్బ్యురేటర్ విప్పి పోతారు. బయట బిగించిన అలారం అయితే దాని వైరింగ్ వేరు, కోడ్ వేరు, కంపెనీ షోరూమ్ వాళ్లు ముట్టుకోరు, మంచి ఆటో ఎలక్ట్రీషియన్‌ని పిలవడమే మేలు.

సరే, ఇమ్మొబిలైజరే అని తేలింది, చిప్ పలకట్లేదు, కోడ్ గుర్తు లేదు. అప్పుడు చెయ్యకూడని పని, గుర్తున్నట్టు అనిపించే నంబర్లు వరసగా కొట్టడం. నేను అదే చేశా. పెళ్లికి టైమైపోతోందన్న కంగారులో మొదట మా ఆవిడ పుట్టిన సంవత్సరం, తర్వాత బండి నంబరు, ఆ తర్వాత ఏదో లీలగా గుర్తొచ్చిన నాలుగంకెలు. హ్యుందాయ్ పాత సిస్టమ్‌లో వరసగా 3 సార్లు తప్పితే సుమారు గంటసేపు మళ్లీ కొట్టనివ్వదు. ఆ గంటలో సరైన కోడ్ కొట్టినా తీసుకోదు, మనం మాత్రం అది కూడా తప్పే అనుకుని సరైన నంబరుని పక్కన పడేస్తాం. అసలు నష్టం అదే.

చివరికి చిత్తూరు బస్సెక్కాం. పట్టుచీరలతో, గిఫ్టు ప్యాకెట్‌తో, నిలబడి.

కోడ్ ఎక్కడ వెతకాలంటే, బుర్రలో కాదు, కాగితాల్లో. ఫియట్ పాలియో, సియెనా లాంటి వాటికి 'కోడ్ కార్డ్' అని ఏటీఎం కార్డు సైజులో ఒక ప్లాస్టిక్ కార్డు ఇచ్చేవాళ్లు, దాని మీద తాళం పళ్ల నంబరు ఒకటి, 5 అంకెల ఎలక్ట్రానిక్ కోడ్ ఒకటి ఉంటాయి, మనకి కావాల్సింది రెండోది. ఓపెల్ ఆస్ట్రా, కోర్సాలకి 'కార్ పాస్' అని కార్డు ఉండేది, అందులో ఇమ్మొబిలైజర్ సెక్యూరిటీ కోడ్ రాసి ఉంటుంది. దాన్ని మనం కొట్టలేం, మెకానిక్ స్కానర్‌లో కొట్టాలి, అయినా అది లేకపోతే అతనికి చేతులు కట్టేసినట్టే. యాక్సెంట్, గెట్జ్ కాలం నాటి హ్యుందాయ్ మాన్యువల్‌లో దీన్ని 'లింప్ హోమ్' పాస్‌వర్డ్ అంటారు, 4 అంకెలు, బండి మొదట డెలివరీ ఇచ్చినప్పుడు మొదటి ఓనరుకి చెప్పాల్సింది. ఐక్యాట్స్ (మారుతి వాళ్ల ఇమ్మొబిలైజర్ పేరు) లాంటి చాలా సిస్టమ్‌లకి మనం కొట్టే కోడ్ అంటూ ఉండదు, తాళాన్ని స్కానర్ పెట్టి రిజిస్టర్ చేయించుకోవాల్సిందే, కాబట్టి ఆ బండ్లవాళ్లు ఈ వెతుకులాట వదిలేసి కింద షోరూమ్ సంగతికి వెళ్లిపోవచ్చు.

మాన్యువల్ పౌచ్ మొత్తం తలకిందులు చెయ్యండి, సర్వీస్ బుక్ మొదటి పేజీ, చివరి అట్ట వెనకవైపు, కొత్తలో ఇచ్చిన ఇన్వాయిస్, ఇన్సూరెన్స్ మొదటి పాలసీ కాగితం. మొదటి ఓనరు జాగ్రత్తపరుడైతే ఏదో మూల పెన్సిల్‌తో రాసిపెట్టి ఉంటాడు. తర్వాత ఆ పాత ఓనరుకే ఫోన్ చెయ్యండి, బ్రోకరుకి కాదు. మా బ్రోకర్ని అడిగితే "ఒక్క తాళమే వచ్చింది సామీ, కావాలంటే కాణిపాకంలో ప్రమాణం చేస్తా" అన్నాడు. కాణిపాకం వినాయకుడి ముందు అబద్ధపు ప్రమాణం చేసే ధైర్యం చిత్తూరు జిల్లాలో ఎవరికీ ఉండదు గాబట్టి నమ్మాను, పైగా అంత దూరం తీసుకెళ్లడానికి నా బండి కదలాలి కదా. చెన్నై పాత ఓనరు పెద్దాయన మాత్రం ఫోనెత్తి, "నేను మీకు చెప్పానే, మీరు రాసుకున్నారు కూడా" అన్నారు తమిళంలో. ఆ మాటతో నాకు లైటు వెలిగింది. రాసుకున్నా. చేతికందిన కాగితం మీద, గోడకి తగిలించిన క్యాలెండర్ వెనక.

మామూలు క్యాలెండరైతే ఈపాటికి పిల్లల నోట్‌బుక్కులకి అట్టలై పోయుండేది. అది టీటీడీ క్యాలెండర్. స్వామి బొమ్మ ఉన్న కాగితాన్ని మా అమ్మ పారెయ్యదు, చింపదు, అట్ట వెయ్యనివ్వదు. పాత క్యాలెండర్ షీట్లన్నీ చుట్ట చుట్టి, రబ్బరు బ్యాండు వేసి అటక మీద పెట్టి ఉంది, ఏళ్ల తరబడివి. స్టూలెక్కి ఆ చుట్టలన్నీ దించి, హాల్లో పరిచి, ఒక్కో షీటూ తిప్పి చూస్తే, ఒక జూన్ నెల వెనక నా చేతిరాతలోనే పాలవాడి లెక్క పక్కన, గ్యాస్ బుకింగ్ నంబరు కింద నాలుగంకెలు. పక్కన 'బండి' అని రెండక్షరాలు. ఇంకో మాట ఎక్కువ రాసుంటే నా సొమ్మేం పోయేదో.

ఇక కొట్టే పద్ధతి. హ్యుందాయ్‌ది ముందు చెప్తాను, చదవడానికి తేలిక, చెయ్యడానికి ఓపిక కావాలి. ఉదాహరణకి కోడ్ 2031 అనుకుందాం. మొదటి అంకె 2 కాబట్టి తాళాన్ని ఆన్ చేసి ఆఫ్ చెయ్యాలి, మళ్లీ ఆన్, ఆఫ్. సెల్ఫ్ దాకా పోకూడదు, ఆన్ దగ్గరే ఆపాలి. తిప్పినప్పుడల్లా ఆ బొమ్మ లైటు కూడా వెలుగుతుంది, దాన్ని చూసి లెక్కపెట్టుకోండి. తర్వాత 3 నుంచి 10 సెకన్లు ఊరుకోవాలి, నేను మనసులో ఐదు లెక్కపెట్టా. రెండో అంకె సున్నా. సున్నా కదా అని వదిలెయ్యకూడదు, సున్నాకి 10 సార్లు ఆన్-ఆఫ్ చెయ్యాలి. చాలామంది బోల్తా పడేది ఇక్కడే. మళ్లీ విరామం, మూడో అంకెకి 3 సార్లు, విరామం, నాలుగో అంకెకి ఒక్కసారి. నాలుగూ అయ్యాక తాళం ఆన్ చేస్తే లైటు కొట్టుకోకుండా నిలకడగా వెలగాలి. వెలిగిందా, అక్కణ్నుంచి 30 సెకన్లలోపు ఇంజిన్ స్టార్ట్ చెయ్యాలి. "వచ్చిందే, వచ్చిందే" అని ఇంట్లోవాళ్లని కేకేస్తూ కూర్చుంటే ఆ 30 సెకన్లు అయిపోతాయి, మళ్లీ మొదటికే. నాకు అయ్యింది.

ఒక మనిషి పక్కన కూర్చుని పైకి లెక్కపెడితే బాగుంటుంది. మా పాప ఏడో తరగతి, తను లెక్కపెట్టింది, నేను తిప్పా. రెండోసారికి స్టార్ట్ అయింది.

స్టార్ట్ అయిందని తిరుమల కొండెక్కెయ్యకండి. ఈ పద్ధతిలో స్టార్ట్ చేసిన బండి దారిలో ఆగిపోతే 8 సెకన్లలోపు మళ్లీ స్టార్ట్ చేస్తే సరి, దాటిందంటే ఆ తిప్పుడంతా మళ్లీ మొదటి నుంచీ. లీలామహల్ సర్కిల్లో వెనక పది బండ్లు హారన్ కొడుతుంటే తాళాన్ని పదిసార్లు ఆన్-ఆఫ్ చేస్తూ కూర్చోవడం ఎలా ఉంటుందో ఊహించుకోండి. ఘాట్ రోడ్డు, మొగిలి ఘాట్ లాంటివి వద్దే వద్దు. ఇంటికి, లేదా షోరూమ్‌కి, ఆ రెంటికే వాడండి. పేరే లింప్ హోమ్, కుంటుకుంటూ ఇల్లు చేరమని.

ఫియట్‌ది కాలితో పని. తాళాన్ని 'మార్' అని రాసి ఉన్న చోటికి తిప్పండి, అంటే ఆన్. కోడ్ లైటు, ఇంజిన్ లైటు రెండూ వెలుగుతాయి. యాక్సిలేటర్ పెడల్‌ని అడుగు దాకా తొక్కి పట్టుకోండి. సుమారు 8 సెకన్లకి ఇంజిన్ లైటు ఆరుతుంది, అప్పుడు కాలు తీసేసి లెక్కకి సిద్ధంగా ఉండండి. ఆ లైటే ఇక ఒక్కోసారీ వెలిగి ఆరుతూ ఉంటుంది. మీ కోడ్ మొదటి అంకె ఎంతో అన్నిసార్లు వెలిగాక వెంటనే పెడల్ పూర్తిగా తొక్కండి. లైటు 4 సెకన్ల పాటు వెలిగి ఆరుతుంది, కాలు తియ్యండి. మళ్లీ వెలగడం మొదలుపెడుతుంది, రెండో అంకె. ఇలా ఐదూ. చివరి అంకె కూడా అయ్యాక లైటు గబగబా కొట్టుకుంటే ఒప్పుకున్నట్టు. తాళాన్ని వెనక్కి 'స్టాప్' దాకా తేకుండా అక్కణ్నుంచే ముందుకి తిప్పి స్టార్ట్ చెయ్యాలి, అలవాటుకొద్దీ ఒకసారి ఆఫ్ చేశారంటే అంతా వృథా. తప్పితే స్టాప్‌లో పెట్టి మళ్లీ మొదటి నుంచీ, ఎన్నిసార్లైనా చేసుకోవచ్చు, గంట ఆగమనే శిక్ష ఇందులో లేదు. కాకపోతే ప్రతిసారి బండి స్టార్ట్ చెయ్యాలన్నా ఇదంతా చెయ్యాలి. చెప్పులు విప్పి తొక్కితే పెడల్ అందుతుంది, నా సలహా.

కాగితం లేదు, పాత ఓనరు లేడు, అటక మీదా దొరకలేదు. అప్పుడు కంపెనీ సర్వీస్ సెంటరే మొదటి దారి, ఎందుకంటే కోడ్ చాసిస్ నంబరుతో ముడిపడి కంపెనీ రికార్డుల్లో ఉండే అవకాశం ఉంది. వెళ్లేటప్పుడు ఆర్‌సీ, ఆధార్, ఇన్సూరెన్స్, మీ దగ్గరున్న తాళాలన్నీ తీసుకెళ్లండి. ఆర్‌సీ మీ పేరు మీద లేకపోతే ఇవ్వరు, ఇవ్వకూడదు కూడా, అడిగినవాడికల్లా కోడ్ చెప్తే ఇక ఇమ్మొబిలైజర్ ఎందుకు. 15 ఏళ్లు దాటిన బండి అయితే ఆర్‌సీ రెన్యువల్ చేయించారో లేదో ముందే చూసుకోండి. ఫోన్‌లో అడిగితే "బండి తీసుకురండి సార్" అంటారు, కదలని బండిని ఎలా తేవాలో మాత్రం చెప్పరు. నేను ఫోన్ చేసిన ఒక చోట "పై నుంచి మెయిల్ రావాలి" అని తిప్పారు. అందుకే చాసిస్ నంబరు ఫొటో, ఆర్‌సీ కాపీ రాతపూర్వకంగా మెయిల్లో పంపి, ఎవరితో మాట్లాడారో పేరు, తేదీ రాసుకోండి.

ఓపెల్, ఫియట్ లాంటివి మన దగ్గర కొత్త బండ్ల అమ్మకం ఆపేశాయి, వాటికి షోరూమ్ దొరకడం కష్టం. చిప్ తాళాలు చేసే స్పెషలిస్టుల దగ్గరికి వెళ్లాల్సి రావచ్చు. తిరుపతిలో, చిత్తూరులో తాళాలు కోసేవాళ్లు బోలెడుమంది ఉన్నారు, పళ్లు కోయడం వేరు, చిప్ రాయడం వేరు. పాత మోడల్ అయితే చెన్నై దాకా పోవాల్సి రావచ్చు. ముందు ఫోన్‌లో మోడల్, సంవత్సరం చెప్పి ఇంతకుముందు ఇదే బండికి చేశారా అని అడగండి. కంప్యూటర్ విప్పే పని ఉంటే, ఏదైనా రాసే ముందు అందులో ఉన్న డేటాని బ్యాకప్ తీస్తారా అని అడగండి. ఈ ప్రశ్నకి నీళ్లు నమిలితే బండి తాళం ఆయన చేతిలో పెట్టకండి.

ఇంకొందరు "ఇమ్మో ఆఫ్ చేసేద్దాం అన్నా, మళ్లీ జన్మలో గొడవుండదు" అంటారు. అంటే కంప్యూటర్‌లోంచి ఆ కాపలానే పీకెయ్యడం. చేసేవాడికి తేలిక, మీకు చవక, తర్వాత ఏ ఇనుప తాళంతోనైనా స్టార్ట్ అయ్యే బండిని వీధిలో పెట్టి పడుకోవాలి. నేనైతే చేయించను. ఇంకో మాట వినిపిస్తుంది, "పాత సామాన్లలో కంప్యూటర్ తెచ్చి వేసేద్దాం" అని. ఒక్క కంప్యూటర్ తెస్తే అది ఏ బండిలోంచి వచ్చిందో ఆ బండి తాళాన్నే అడుగుతుంది. తెస్తే అదే బండిలోని కంప్యూటర్, ఇమ్మొబిలైజర్ డబ్బా, చిప్ ఉన్న తాళం, మూడూ కలిపి సెట్టుగా తేవాలి.

బండిని తరలించాల్సి వస్తే తాళం ఆన్ చేస్తే స్టీరింగ్ లాక్ వదులుతుంది, అది చిప్‌తో పనిలేని పని. నాలుగు చక్రాలూ పైకెక్కించే బండి పిలవండి. ఇంజిన్ నడవకపోతే బ్రేకు, పవర్ స్టీరింగ్ రాయిలా ఉంటాయి, తాడు కట్టి లాక్కెళ్లడం మన సందుల్లో ప్రమాదం.

తాళం నిజంగా పోయిందంటే పోలీస్ స్టేషన్‌లో కంప్లైంటు ఇచ్చి కాగితం తీసుకోండి. రేపు బండి దొంగతనం జరిగితే ఇన్సూరెన్స్ వాళ్లు తాళాలన్నీ చూపించమంటారు, ఒకటే ఉందంటే ఎందుకని అడుగుతారు. ఒక తాళం పనిచేస్తుండగానే రెండోది చేయించుకోవడం చవక, రెండూ పోయాక మొదటిది చేయించడమే అసలు ఖర్చు. కొత్త తాళం రిజిస్టర్ చేయించేటప్పుడు ఉన్నవన్నీ తీసుకెళ్లండి, చాలా సిస్టమ్‌లలో ఆ సమయానికి చూపించని తాళాలు రద్దయిపోతాయి.

ఇక నా సంగతి. కోడ్ దొరికింది, బండి స్టార్ట్ అయింది, మరి చిప్ ఎందుకు పలకలేదు? రాత్రి తొమ్మిదింటికి, భోంచేస్తుంటే, మా ఆవిడ "మొన్న తాళం తల విరిగిందని మార్పించారు కదా" అంది. అంతే, ముద్ద గొంతులో ఆగింది. పెళ్లికి రెండు రోజుల ముందు, ప్లాస్టిక్ షెల్ పగిలిందని స్కూటర్ మీద వెళ్లి, రోడ్డు పక్క తాళాల బండి దగ్గర కొత్త షెల్ వేయించాను. ఆయన పది నిమిషాల్లో ఇనుప ముక్క తీసి కొత్తదాంట్లో బిగించి ఇచ్చాడు. ఇంటికొచ్చి తలుపు తీసి చూశా, తెరుచుకుంది. ఇంజిన్ స్టార్ట్ చేసి చూడలేదు.

పాత షెల్ ముక్కలు పారెయ్యకుండా జేబులో వేసుకొచ్చినట్టు గుర్తు. స్క్రూలు, పాత స్విచ్చులు, గ్రైండర్ బెల్టు ఉండే సొరుగు లాగి, అడుగు నుంచి ఆ పగిలిన ప్లాస్టిక్ తలకాయ తీసి చెవి దగ్గర పెట్టుకుని ఊపాను. టిక్కుమంది. చాకు మొనతో విప్పితే నల్లటి చిన్న ముక్క అరచేతిలో పడింది. బయటికెళ్లి, దాన్ని తాళం తలకి సెల్లోటేప్‌తో అంటించి, తాళం పెట్టి ఆన్ చేశా. బొమ్మ లైటు ఒకసారి వెలిగి ఆరింది.

షెల్ మార్పించేటప్పుడు పాతదాన్ని మీ కళ్లముందే విప్పించి, చిప్ కొత్తదాంట్లో పడిందో లేదో చూసి, బండి దగ్గరికి వెళ్లి స్టార్ట్ చేసి చూశాకే డబ్బులివ్వండి. కోడ్‌ని బండిలో మాత్రం పెట్టకండి, తాళంగుత్తికీ కట్టకండి, ఫ్యామిలీ గ్రూపులో వెయ్యకండి. నాది ఇప్పుడు ఇంటి కాగితాల ఫైల్లో ఆర్‌సీ కాపీ వెనక ఉంది, బండి నంబరు, ఇది దేనికోసం అన్న ఒక వాక్యం, సున్నాకి 10 సార్లు అన్న గుర్తుతో సహా. ఆ జూన్ నెల షీటుని మాత్రం అమ్మ మళ్లీ చుట్ట చుట్టి అటక మీదే పెట్టింది.